రాత్రి స్లీప్‌లో పెట్టిన డెస్క్‌టాప్ పొద్దున లేవట్లేదు: కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మార్చాలా, విండోస్‌లో చూడాలా?

కృష్ణలంక డీటీపీ:
మా షాపు సిస్టమ్‌తో చాలా ఇబ్బందిగా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి. అసెంబుల్డ్ మిషన్, విండోస్ 10, గ్రాఫిక్స్ కార్డు వేరే ఉంది, మానిటర్ డిస్‌ప్లేపోర్టుకి పెట్టాను. పెళ్లిళ్ల సీజన్ కదా, పేజ్‌మేకర్‌లో కార్డులు, ఫోటోషాప్‌లో ఫ్లెక్సీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. అన్నీ మూసి మళ్లీ తెరుచుకునే తీరిక లేక రాత్రి స్లీప్‌లో పెట్టి షట్టర్ దించుతాను. మధ్యాహ్నం భోంచేసి వచ్చి మౌస్ కదిపితే చక్కగా లేస్తుంది. పొద్దున మాత్రం కీబోర్డు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉండిపోతుంది. బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే, సేవ్ చేయని పనంతా పోతుంది. మా వీధిలో రిపేరు చేసే ఆయన ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు. కొట్టించమంటారా?

గోదారి గట్టు:
స్లీప్ ఎందుకండీ, సేవ్ చేసి షట్‌డౌన్ చేసేయండి. మేం ఎప్పుడూ అంతే.

స్క్రూడ్రైవర్ 72:
ఫార్మాట్ వద్దు. ఎస్‌ఎంపీఎస్ మార్చండి. నేను చేసేది ఇదే పని కాబట్టి చెప్తున్నా. స్లీప్‌లో మిషన్ పూర్తిగా ఆగదు. తెరిచి ఉన్న పనంతా ఉండేది ర్యామ్‌లో, అది నిలబడాలంటే ర్యామ్‌కి కరెంటు అందుతూ ఉండాలి. ఆ కరెంటు ఎస్‌ఎంపీఎస్‌లో విడిగా ఉండే 5 వోల్టుల స్టాండ్‌బై లైన్ నుంచి వస్తుంది. 24 పిన్నుల కనెక్టర్‌లో తొమ్మిదో పిన్ను, ఊదా రంగు వైరు. మిగతా లైన్లన్నీ స్లీప్‌లో ఆగిపోతాయి, ఇది మాత్రం వెనక స్విచ్ వేసి ఉన్నంతసేపూ పనిచేస్తూనే ఉంటుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌లలో ఆ లైన్ మీది కెపాసిటర్లు ఎండకాలం వేడికి తొందరగా దెబ్బతింటాయి. గంటసేపు స్లీప్ తట్టుకుంటుంది, రాత్రంతా తట్టుకోదు. మీ లక్షణాలు సరిగ్గా అవే.

ఓరుగల్లు పిలగాడు:
మా దగ్గర గూడ గిదే లొల్లి అన్నా. స్లీప్‌ల పెడితె లేవది. బటన్ ఒత్తి పట్టుకునుడే.

డల్లాస్ నుంచి:
స్క్రూడ్రైవర్ గారూ, మిషన్ కంటితో చూడకుండా కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనమంటే ఎలా అండీ? డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, దగ్గర ఆగిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో తెచ్చిన, కంప్యూటర్ నిద్ర, కరెంటు వాడకం గురించిన ఏసీపీఐ ప్రమాణంలో ఎస్3 అంటే ర్యామ్‌కి మాత్రం కరెంటు ఉంచే నిద్ర, ఎస్4 అంటే ర్యామ్‌లో ఉన్నది డిస్కు మీదికి రాసి మొత్తం ఆపేయడం, మనం హైబర్నేట్ అనేది. ఏ నిద్ర నుంచి లేచినా ప్రతి పరికరాన్నీ దాని డ్రైవర్ మళ్లీ లేపాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఆ పని చేయలేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది. కృష్ణలంక గారూ, ముందు డ్రైవర్ అప్‌డేట్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని కొట్టండి. హైబర్నేట్‌తో పాటు మిషన్ త్వరగా ఆన్ అవ్వడానికి విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. పైసా ఖర్చు లేదు.

వాణి, కంప్యూటర్ ల్యాబ్:
కృష్ణలంక గారూ, రెండు విషయాలు చెప్పండి. పొద్దున మీరు వెళ్లేసరికి కేబినెట్ మీద పవర్ లైటు మెల్లగా వెలిగి ఆరుతూ ఉంటుందా, పూర్తిగా ఆరిపోయి ఉంటుందా? బటన్ నొక్కాక మదర్‌బోర్డు కంపెనీ లోగో కనిపిస్తుందా?

స్క్రూడ్రైవర్ 72:
డల్లాస్ గారూ, ఎస్‌ఎంపీఎస్ బాగుందని మీరు మాత్రం ఎలా తేల్చారు?

డల్లాస్ నుంచి:
బాగుందని నేను అనలేదు. కొనేముందు కొలవమంటున్నాను. మల్టీమీటర్ ఊదా వైరు మీద పెడితే 4.75కి 5.25కి మధ్య వోల్టులు చూపించాలి. చూపిస్తే లైన్ బాగున్నట్టే.

స్క్రూడ్రైవర్ 72:
అక్కడే మీరు పొరపాటు పడుతున్నారు. లోడ్ లేకుండా మీటర్‌లో నిక్కచ్చిగా 5 చూపించి, ర్యామ్ భారం పడగానే కూలిపోయే ఎస్‌ఎంపీఎస్‌లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. పైగా ఆ లైన్ మీద వోల్టేజి హెచ్చుతగ్గుల అలలు 50 మిల్లీవోల్టులు దాటకూడదు, అది మామూలు మీటర్‌కి కనపడదు, అలల్ని తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోపు కావాలి. వీధి షాపులో ఆసిలోస్కోపు ఎవరి దగ్గర ఉంటుంది? అందుకే మంచిదని తెలిసిన ఇంకో ఎస్‌ఎంపీఎస్ తగిలించి ఒక రాత్రి ఉంచి చూస్తాం. అదే మా పరీక్ష.

డల్లాస్ నుంచి:
మీటర్ మిషన్ స్లీప్‌లో ఉండగా పెట్టమంటున్నాను. అప్పుడు లోడ్ ఉన్నట్టే కదా.

స్క్రూడ్రైవర్ 72:
స్లీప్‌లో ఉండగా కనెక్టర్ వెనక నుంచి మీటర్ మొన దూర్చి పక్క పిన్నుకి తగిలితే బోర్డు పోతుంది. ఆయన డీటీపీ చేసుకునే మనిషి, ఆయనతో ఇవా చేయించేది?

పాత పెంటియమ్:
విండోస్ 7 రోజుల్లో ఈ గొడవ ఇంత లేదు.

వాణి, కంప్యూటర్ ల్యాబ్:
దయచేసి ఆయన్ని లైటు సంగతి చెప్పనివ్వండి.

డల్లాస్ నుంచి:
నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. రాజమండ్రిలో మా నాన్నగారి కంప్యూటర్ కూడా ఇలాగే లేవకపోతే షాపుకి ఇచ్చారు. ఆ షాపువాళ్లు ఒక్క ప్రశ్న అడగలేదు. ఫార్మాట్ చేశారు, ఎస్‌ఎంపీఎస్ మార్చారు, బిల్లు ఇచ్చారు. నాన్నగారు రిటైరయ్యాక మా వంశం గురించి టైపు చేసుకున్నదంతా అందులోనే ఉంది. ఇంటికి తెచ్చాక మళ్లీ స్లీప్ నుంచి లేవలేదు. చివరికి చూస్తే చిక్కు డ్రైవర్‌లో ఉంది. ఆయన ఇప్పుడు మళ్లీ రాయడం మొదలుపెట్టే ఓపికలో లేరు. కారణం వెతకకుండా చెయ్యి వేసే పద్ధతి మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

స్క్రూడ్రైవర్ 72:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. అడగకుండా ఫార్మాట్ కొట్టడం పాపం, మా కౌంటర్‌లో ఆ పని జరగనివ్వను. కానీ ఒక మాట మీరూ వినాలి. కస్టమర్ వస్తాడు. డ్రైవర్ ఒక్కొక్కటీ చూసి, రాత్రి స్లీప్‌లో పెట్టి, పొద్దున లేపి, లాగ్ చదివి, సెట్టింగ్ మార్చి, మళ్లీ రాత్రి ఉంచి చూస్తాను. రెండు మూడు రోజులు నా బల్ల మీదే ఉంటుంది. చివరికి ఒక టిక్కు తీసేశాను, అయిపోయింది అంటే ఏమంటాడో తెలుసా? "ఒక్క క్లిక్కుకి డబ్బులా?" అంటాడు. అదే ఎస్‌ఎంపీఎస్ డబ్బా చేతిలో పెడితే మారు మాట లేకుండా ఇస్తాడు. ఫార్మాట్ అంటే రేటు అందరికీ తెలుసు, అదీ ఇస్తాడు. వెతికిన దానికి మాత్రం ఎవరూ ఇవ్వరు. మీరు అక్కడ కూర్చుని వెతకమంటున్నారు. మీ ఊళ్లో అలా వెతికినందుకు గంటకింత అని తీసుకుంటారు కదా?

డల్లాస్ నుంచి:
తీసుకుంటారు. ఇక్కడ కొన్ని షాపుల్లో ముందే డయాగ్నోస్టిక్ ఫీజు, అంటే చెకింగ్ డబ్బులు, కట్టించుకుంటారు, బాగుచేయించుకోకపోయినా అది తిరిగి రాదు. మీరూ బోర్డు పెట్టండి.

స్క్రూడ్రైవర్ 72:
పెట్టాను. చదివి పక్క షాపుకి వెళ్లారు.

ఓరుగల్లు పిలగాడు:
అన్నది కరెక్టే. మా దోస్తు షాపుల గూడ చెకింగ్‌కు పైసలంటె ఎవ్వడియ్యడు.

డల్లాస్ నుంచి:
అయినా కస్టమర్ ఇవ్వడు కాబట్టి అవసరం లేని పార్టు అమ్మొచ్చు అంటే నేను ఒప్పుకోను. మీ కష్టం నిజమే. దాని భారం కృష్ణలంక గారి మీద పడకూడదు.

స్క్రూడ్రైవర్ 72:
మీరు చెప్పిన కమాండ్ భారం కూడా ఆయన మీదే పడుతుంది. హైబర్నేట్ తీసేస్తే హైబ్రిడ్ స్లీప్ కూడా పోతుందని మీరు చెప్పలేదు. విస్టా నుంచి డెస్క్‌టాప్‌లలో అది ఎందుకు ఉంది? ర్యామ్‌లో ఉన్నది డిస్కు మీద కూడా ఒక కాపీ రాసి నిద్రపోతుంది. రాత్రి కరెంటు పోయినా పొద్దున డిస్కు నుంచి తెచ్చుకోవచ్చు. కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉండగా లోడ్ మరీ తక్కువైతే వాటంతట అవే ఆగిపోతాయి, స్లీప్‌లో ఉన్న మిషన్ లాగేది కొద్ది వాట్లే. మీ దగ్గర కరెంటు పోకపోవచ్చు. గాలివాన వస్తే ఇక్కడ పోతుంది.

కృష్ణలంక డీటీపీ:
అందరికీ నమస్కారం. షాపులో రద్దీ వల్ల ఆలస్యమైంది. వాణి గారు అడిగినవి ఈ పొద్దున చూశాను. మధ్యాహ్నం స్లీప్‌లో లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. పొద్దున మాత్రం పూర్తిగా ఆరిపోయి ఉంది. రాత్రి కరెంటు పోలేదు, పక్కన రూటర్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. బటన్ నొక్కితే కంపెనీ లోగో ఒక్క క్షణం వచ్చింది, తర్వాత నలుపు.

వాణి, కంప్యూటర్ ల్యాబ్:
అయితే మీ మిషన్ పొద్దున స్లీప్‌లో లేదు, హైబర్నేట్‌లో ఉంది. ఎస్3 నుంచి లేస్తే లోగో రాదు. లైటు ఆరిపోవడం, మౌస్‌కి పలక్కపోవడం కూడా అందుకే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, మీ ప్లాన్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, స్లీప్ తెరవండి. "హైబర్నేట్ ఆఫ్టర్" ఎదురుగా ఎన్ని నిమిషాలు ఉంది? "అలో హైబ్రిడ్ స్లీప్" ఆన్‌లో ఉందా? ఇంకొకటి, నల్ల తెర వచ్చినప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి కీబోర్డు మీద లైటు మారుతుందో లేదో చూడండి. మారితే విండోస్ మేలుకునే ఉంది, బొమ్మ మాత్రమే రావడం లేదు. మారకపోతే లోపల ఎక్కడో బిగుసుకుంది.

కృష్ణలంక డీటీపీ:
హైబర్నేట్ ఆఫ్టర్ 180 నిమిషాలు. హైబ్రిడ్ ఆఫ్‌లో ఉంది. ఇవి నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. క్యాప్స్ లాక్ ఈ పొద్దున నొక్కాను, లైటు మారింది!

డల్లాస్ నుంచి:
అంటే గ్రాఫిక్స్ వైపే. రేపు అదే నల్ల తెర వస్తే బటన్ నొక్కిపట్టకండి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. రాకపోతే మానిటర్‌ని దాని బటన్‌తోనే ఆపి మళ్లీ వేయండి. కొన్ని మానిటర్లు డిస్‌ప్లేపోర్టు మీద గాఢ నిద్రలోకి పోయి సిగ్నల్ అందుకోవు. హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే దానితో కూడా ఒక రాత్రి చూడండి.

స్క్రూడ్రైవర్ 72:
క్యాప్స్ లాక్ మారిందంటే ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇప్పటిదాకా రాత్రంతా ఎస్3లో అది నిలబడిందే లేదు కదా, మూడు గంటలకే హైబర్నేట్‌కి పోతోంది. హైబర్నేట్ ఆఫ్టర్ "నెవర్" పెట్టండి, హైబ్రిడ్ ఆన్ చేయండి, స్లీప్‌లో పెట్టేముందు కంట్రోల్ ఎస్ కొట్టండి. పొద్దున లైటు ఆడుతూ ఉండి మౌస్‌తో లేస్తే ఆ లైన్ బాగున్నట్టు. లైటు ఆరిపోయి ఉండి, విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 (సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందనే గుర్తు) కనిపిస్తే, రాత్రి కరెంటు పోలేదని రూటర్ చూసి తేల్చుకున్నాక, అప్పుడు ఎస్‌ఎంపీఎస్ మాట్లాడుకుందాం. డబ్బా మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో చార్జి ఉంటుంది.

కృష్ణలంక డీటీపీ:
అలాగే అన్నా. రెండూ మార్చాను, డ్రైవర్ కూడా దించుకుంటున్నాను. మీ షాపు విజయవాడలోనేనా? ఇది తేలకపోతే మిషన్ మీ దగ్గరే పెడతాను. పార్టు మార్చినా మార్చకపోయినా చెకింగ్‌కి ఎంతో ముందే చెప్పండి, ఇస్తాను.

స్క్రూడ్రైవర్ 72:
గుంటూరు. ముందు రేపు పొద్దున లైటు ఎలా ఉందో ఇక్కడ రాయండి.