హోసన్నా: జయమా, మొరా?

మట్టల ఆదివారం నాడు గుడి చుట్టూ ఈతమట్టలు పట్టుకుని "హోసన్నా" అని పాడుతూ తిరిగాం. లోపలికి వచ్చి కూర్చున్నాక మత్తయి 21వ అధ్యాయం చదివారు, యేసు యెరూషలేములో అడుగుపెడుతుంటే జనం జేజేలు పలికిన ఘట్టం. పక్కనున్న మా మేనకోడలు తొమ్మిదో వచనం మీద వేలు పెట్టి, "మావయ్యా, ఇందులో హోసన్నా లేదేంటి?" అంది. నిజమే. మన పాత తెలుగు బైబిల్లో అక్కడున్నది "దావీదు కుమారునికి జయము". మార్కులోనూ యోహానులోనూ జయమే. గ్రీకు మూలంలో మాత్రం మూడుచోట్లా ఉన్నది హోసన్నా. ఆ రోజు పిల్లకి సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

మాట పుట్టిల్లు హెబ్రీ, చోటు 118వ కీర్తన 25వ వచనం. తెలుగులో "యెహోవా, దయచేసి నన్ను రక్షించుము" అని ఉంటుంది. హెబ్రీలో "హోషీఆ నా". హోషీఆ అంటే రక్షించు, "నా" అనేది బతిమాలేటప్పుడు చేర్చే మాట. తెలుగులో కనిపించే "నన్ను" హెబ్రీలో లేదు. ఒక్కడు వేడుకున్నా, ఊరంతా కలిసి వేడుకున్నా అదే మాట సరిపోతుంది. రాజు ఎదుట సాగిలపడి మొరపెట్టుకునేవాళ్ళ నోట కూడా ఈ క్రియే వస్తుంది. దావీదు రాజు దగ్గరికి వచ్చిన తెకోవ అనే ఊరి స్త్రీ అలాగే మొదలుపెడుతుంది.

వాడుకలో అది కుదించుకుపోయి "హోషానా" అయింది. గ్రీకులో "ష" పలకదు కాబట్టి హోసన్నా అయింది, యేషూవ అనే పేరు యేసు అయినట్టే. అసలు ఆ పేరూ ఈ మొరా ఒకే ధాతువు బిడ్డలు. యెహోషువ, హోషేయ, యెషయా అందరిదీ అదే కుటుంబం. "తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును" గనుక యేసు అని పేరు పెట్టమన్న మాటలోని ధ్వని హెబ్రీ తెలిసినవాళ్ళకి వెంటనే వినపడుతుంది. తెలుగులో యేసుకీ రక్షణకీ మధ్య ఆ శబ్దబంధం కనపడదు. "రక్షించు, రక్షించు" అని జనం కేకలు వేస్తున్నది ఆ పేరు గలవాడి ముందే. ఇది తెలిసిన రోజు నేను ఆ వచనాన్ని చాలాసేపు వదల్లేకపోయాను.

ఇక యెరూషలేము ఆలయంలో వాడుక. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల ధర్మసంప్రదాయాల సంకలనం, ఆలయం ఉన్న రోజుల్లో యూదుల పర్ణశాలల పండుగ ఎలా జరిగేదో చెబుతుంది. యెరూషలేము దిగువనున్న మోత్సా అనే చోటు నుంచి నిరవంజి (విల్లో) కొమ్మలు కోసుకొచ్చి బలిపీఠం చుట్టూ నిలబెట్టేవారు. రోజుకొకసారి, ఏడో రోజున ఏడుసార్లు బలిపీఠం చుట్టూ తిరిగేవారు. తిరుగుతూ పలికేది ఈ 25వ వచనమే. క్రమంగా ఆ కొమ్మలకే "హోషానా" అని పేరొచ్చింది. ఏడో రోజుని ఇప్పటికీ యూదులు హోషానా రబ్బా అంటారు, అంటే పెద్ద హోషానా. మొర కాస్తా చేతిలో కొమ్మకీ, పండుగ రోజుకీ పేరైపోయింది.

వ్యాఖ్య: అంటే మన అనువాదకులు పొరబడ్డారంటారా, మాస్టారూ?

జవాబు: అలా అనలేనండి. వాక్యం చూడండి: "దావీదు కుమారునికి హోసన్నా". "దావీదు కుమారునికి రక్షించు" అంటే కుదరదు కదా. ఆ "కి" విభక్తే చెబుతోంది, అప్పటికే ఈ మాట జేజేలు పలికే కేకగా మారిందని. మనకీ ఇది కొత్త కాదు. "పాహి పాహి" అంటే కాపాడు అనే, "శరణు శరణు" కూడా మొరే. భజనలో అవి స్తుతిగానే వినపడతాయి. మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదలో పుట్టిన దిదాఖే అనే తొలి క్రైస్తవుల బోధ పుస్తకంలో, కృతజ్ఞతా ప్రార్థన చివర "దావీదు దేవునికి హోసన్నా" అని ఉంది, ఆ తర్వాత ఇంకో మాట అయ్యాక మరనాత (ప్రభువా రమ్ము), ఆమేన్. అక్కడ దేవుణ్ణి పొగుడుతున్నారు. కాబట్టి జయము అన్నవాళ్ళకి చెవి ఉంది.

లూకా అయితే ఆ మాటే తీసేశాడు. హెబ్రీ తెలియని పాఠకుల కోసమే అయి ఉంటుందని నా అభిప్రాయం. క్రీ.శ. 383లో దమసు పోపు హోసన్నా అంటే ఏమిటని, హెబ్రీ తెలిసిన బైబిలు పండితుడు జెరోముకి ఉత్తరం రాసి అడిగాడు. జెరోము హెబ్రీ కీర్తన దగ్గరికే వెళ్ళి జవాబిచ్చాడు. అదే కాలపు వేదాంతి అగస్టీను మాత్రం ఇది అనువాదానికి లొంగని సంతోషపు కేక అన్నాడు. నాకు జెరోము దారే నచ్చుతుంది, మాటని పుట్టింటిదాకా తీసుకెళ్ళాడు కాబట్టి.

నా బాధ వేరే ఉంది. సువార్తలో "ప్రభువు పేరట వచ్చువాడు స్తుతింపబడునుగాక" అని ఉంటుంది. ఇది 118వ కీర్తనలో తర్వాతి వచనం. అక్కడ తెలుగు "ఆశీర్వాదము నొందును గాక". హెబ్రీలో "బారూఖ్" అనే ఒక్కమాట, మనకి రెండయింది. హోసన్నా జయమైంది. ఇక ఆ జనం కీర్తన పాడుతున్నారని తెలుగు పాఠకుడికి ఎలా తెలుస్తుంది? అదే కీర్తనలోని "ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి" మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉంది కాబట్టి దాన్ని అందరూ పట్టుకుంటారు.

వ్యాఖ్య: పర్ణశాలల పండుగ వానాకాలం పోయాక వస్తుంది. యేసు వచ్చింది వసంతంలో వచ్చే పస్కా పండుగకి. మరి కొమ్మలెక్కడివండి?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. 113 నుంచి 118 దాకా కీర్తనలు పస్కాకి కూడా పాడతారు. కడపటి భోజనం తర్వాత యేసూ శిష్యులూ "కీర్తన పాడి" ఒలీవల కొండకి వెళ్ళారన్నది వీటి గురించే అంటారు. మట్టలకి ఇంకో కథ ఉంది. క్రీ.పూ. 164లో, గ్రీకు పాలకులపై తిరగబడిన యూదు వీరులు మక్కబీయులు ఆలయాన్ని శుద్ధి చేసినప్పుడు పర్ణశాలల పండుగలాగే మట్టలు పట్టారు. క్రీ.పూ. 141లో వాళ్ళలో ఒకడైన సీమోను యెరూషలేము కోటలో అడుగుపెట్టినప్పుడూ మట్టలే. క్రీ.శ. 132 నుంచి 135 దాకా రోముపై తిరగబడిన బార్ కోఖ్బా కాలపు నాణేల మీద కూడా ఆ మట్టల కట్ట ఉంది. పరాయి పాలన పోవాలని కోరుకునే జనం చేతిలో మట్ట అంటే వట్టి అలంకారం కాదండి. అందుకే యోహాను సువార్తలో ఆ కేక వెంట "ఇశ్రాయేలు రాజు" అని కూడా వస్తుంది.

వ్యాఖ్య: మీరైతే ఏం పెడతారు?

జవాబు: హోసన్నా అనే ఉంచుతాను. గ్రీకు కీర్తనల్లో దీనికి "రక్షించు" అనే అనువాదం అప్పటికే ఉన్నా సువార్తికులు ముగ్గురు హెబ్రీ ధ్వనినే ఉంచారు. తమిళ బైబిలు కూడా "ఓసన్నా" అనే ఉంచింది. కీర్తన 118:25 కింద మాత్రం చిన్న వివరణ వేయాలి. మా మేనకోడలి బైబిల్లో అది పెన్సిల్‌తో రాసిచ్చాను. కన్నడ, ఒడియా, గోండి బైబిళ్ళు చదివేవాళ్ళు గుంపులో ఎవరైనా ఉంటే, మత్తయి 21:9లో ఏముందో చెప్పండి.