ఉప్పునీటి తొట్టెలో చేపలకు తెల్ల మచ్చలు: పగడాలు ఉండగా మందు ఎలా?

ప్రశ్న (అమలాపురం): మా క్లౌన్ చేపల రెక్కల మీద ఉప్పు రవ్వల్లాంటి మచ్చలు వచ్చి, వాటంతటవే పోయి, మళ్ళీ మునుపటికంటే ఎక్కువగా కనిపిస్తున్నాయి; చేపలు రాళ్ళకు ఒళ్ళు రాసుకుంటున్నాయి. తొట్టెలో పగడాలు, ఒక రొయ్య కూడా ఉన్నాయి. ఏ మందు వేయవచ్చో దయచేసి తెలుపగలరు.

జవాబు (భీమవరం): ఈ లక్షణాలు క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవివిగా కనిపిస్తున్నాయండీ. మచ్చలు పోయినంత మాత్రాన నయమైనట్టు కాదు. అది చేపను వదిలి ఇసుకలోనో రాళ్ళ మీదో గూడు కట్టుకుని, ఒక్కో గూటి నుంచి వందల సంఖ్యలో పిల్లలుగా బయటికి వస్తుంది, రాగి మందు పనిచేసేది నీటిలో ఈదే ఆ పిల్లల మీదే. రాగి మీ రొయ్యకూ పగడాలకూ ప్రాణాంతకం కాబట్టి, మచ్చలు లేనివాటితో సహా చేపలన్నిటినీ ఇసుక, రాళ్ళు లేని వేరే తొట్టెలోకి మార్చి, అక్కడే మందు వేసి, టెస్ట్ కిట్‌తో రోజూ మోతాదు సరిచూడండి. పెద్ద తొట్టెలో 76 రోజులపాటు ఒక్క చేప కూడా ఉండకూడదు. ఆశ్రయానికి చేప దొరకక పరాన్నజీవి నశిస్తుంది.

జవాబు (అంతర్వేది): మా తీరపు నీటిని మాత్రం తెచ్చి పోయకండి. గోదావరికి వరద వచ్చినప్పుడు ఇక్కడ లవణత బాగా పడిపోతుంది. ఉప్పు కలుపుకున్న నీటిని, రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరుతో (లవణత కొలిచే పరికరం) 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) దగ్గర ఉందో లేదో చూసుకుని వాడండి.

జవాబు (కాకినాడ): వలను, బకెట్టును రెండు తొట్టెలకూ వేర్వేరుగా పెట్టుకోండి, తడి చేతితో కూడా జబ్బు దాటుతుంది.