మహిళల వరల్డ్ కప్ నాకౌట్ చార్ట్: 0-0 అయిన మ్యాచ్‌ని ఎలా రాయాలి? ఇంకొన్ని సందేహాలు

పన్నెండో నంబర్:
అందరికీ నమస్కారం. మా పాప ఈమధ్యే ఫుట్‌బాల్ జట్టులో చేరింది. జట్టు పిల్లలందరినీ కూర్చోబెట్టి శనివారం శనివారం 2023 మహిళల వరల్డ్ కప్ రికార్డింగులు చూపిస్తున్నాను. గ్రూప్ మ్యాచ్‌లు అయిపోయాయి. ఇప్పుడు నాకౌట్ చార్ట్ పెద్ద కాగితం మీద గీసి గోడకు అంటించాం. నాకు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. పిల్లలు అడిగేవాటికి నా దగ్గర జవాబు లేదు. తెలియక ఏదో ఒకటి చెప్తే వాళ్లకు అదే మనసులో పడిపోతుందని భయం.

జపాన్ చేతిలో 4-0తో ఓడిపోయిన స్పెయిన్ నాకౌట్‌కి ఎలా వచ్చింది? ఎవరితో ఎవరు ఆడాలో మళ్లీ చీటీలు తీస్తారా? స్వీడన్, అమెరికా మ్యాచ్ చూస్తుంటే ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. కీపర్ బంతిని ఆపేసింది, మేమంతా చూశాం. ఐనా గోల్ ఇచ్చారు. పిల్లలు "అన్యాయం" అని ఒకటే గొడవ. ఆ మ్యాచ్‌ని చార్ట్‌లో 0-0 అని రాయాలా, 5-4 అని రాయాలా? ఇంకోటి, ఎక్స్‌ట్రా టైమ్‌లో (స్కోరు సమంగా ఉంటే ఆడించే అదనపు సమయం) గోల్ పడగానే ఆట అయిపోతుందని మా మావయ్యగారు అంటారు. స్పెయిన్, నెదర్లాండ్స్ మాత్రం గోల్ పడ్డాక కూడా ఆడుతూనే ఉన్నారు. దయచేసి ఎవరైనా వివరంగా చెప్పగలరా?

కార్నర్ ఫ్లాగ్:
పిల్లలకి చార్ట్ గీసి చూపించడం చాలా మంచి పని మేడమ్. జట్ల దారి గురించి నేను చెప్తాను, షూటౌట్ (ఎక్స్‌ట్రా టైమ్ తర్వాత కూడా సమంగా ఉంటే పెనాల్టీలతో తేల్చడం) సంగతి ఇక్కడ కీపింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు, వాళ్లు చెప్తారు.

2023లో 32 జట్లు, 8 గ్రూపులు. ప్రతి గ్రూప్ నుంచి మొదటి రెండు జట్లు ముందుకు వెళ్తాయి. అంటే గ్రూప్‌లో ఒక మ్యాచ్ ఓడినా ఫరవాలేదు. స్పెయిన్ మిగతా రెండూ గెలిచింది కాబట్టి సి గ్రూప్‌లో రెండో స్థానంలో నిలిచింది. నాకౌట్‌లో అయితే ఒక్క ఓటమితో ఇంటికే.

చీటీలు మళ్లీ తీయరు. ఏ గ్రూప్ ఏ గ్రూప్‌తో ముడిపడుతుందో టోర్నీ మొదలవకముందే ఖాయమై ఉంటుంది. 2023లో ఎ గ్రూప్‌కి సి జత, ఇ గ్రూప్‌కి జి జత, బి గ్రూప్‌కి డి జత, ఎఫ్ గ్రూప్‌కి హెచ్ జత. ఒక గ్రూప్‌లో మొదటి జట్టు జత గ్రూప్‌లోని రెండో జట్టుతో ఆడుతుంది. ఎ గ్రూప్‌లో మొదటిది స్విట్జర్లాండ్, సి గ్రూప్‌లో రెండోది స్పెయిన్, అందుకే వాళ్లిద్దరూ తలపడ్డారు. స్పెయిన్ 5-1తో గెలిచింది. సి గ్రూప్‌లో మొదటిదైన జపాన్‌కు ఎ గ్రూప్‌లో రెండోదైన నార్వే వచ్చింది, 3-1.

మీ చార్ట్‌లో పిల్లలకు ఒకటి చూపించండి. ఎ, సి, ఇ, జి గ్రూపుల జట్లన్నీ పైసగంలో ఉంటాయి, బి, డి, ఎఫ్, హెచ్ జట్లన్నీ కిందిసగంలో. అంటే స్పెయిన్, జపాన్ మళ్లీ ఎదురుపడితే సెమీఫైనల్లోనే, ఫైనల్లో కుదరదు. క్వార్టర్స్‌లో జపాన్ 2-1తో స్వీడన్ చేతిలో ఓడింది గానీ, అది గెలిచి ఉంటే సెమీస్‌లో స్పెయిన్‌కు ఆ 4-0 జట్టే మళ్లీ ఎదురయ్యేది. పెన్సిల్‌తో ఆ గీత గీసి చూపిస్తే చార్ట్ ఎందుకో పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

గ్లవ్స్:
మేడమ్, ముందు ఆ "అన్యాయం" సంగతి. అది అన్యాయం కాదు, గోలే. నేను కీపర్‌గా ఆడినవాణ్ణి, ఇప్పుడు పిల్లలకు కీపింగ్ నేర్పిస్తున్నాను, కాబట్టి నా మనసు ఎప్పుడూ కీపర్ వైపే ఉంటుంది. అయినా చెప్తున్నాను, గోలే.

రూల్ ఏమిటంటే బంతి మొత్తం, గీత మొత్తాన్ని దాటాలి. నేల మీద అయినా, గాలిలో అయినా సరే. షూటౌట్‌లో స్వీడన్ ప్లేయర్ లీనా హుర్టిగ్ తన్నిన బంతిని అమెరికా కీపర్ అలిసా నేహర్ ఆపింది నిజమే. కానీ అది చేతికి తగిలి పైకి లేచి, వెనక్కి తిరుగుతూ గోల్ వైపు దిగింది. నేహర్ మళ్లీ చెయ్యి చాచి బయటికి తోసేలోపే బంతి గీత దాటేసింది, అదీ మిల్లీమీటర్ల తేడాతో. ఇది మనిషి కంటికి అందదు. గోల్ లైన్ టెక్నాలజీ కెమెరాలు లెక్కగట్టి రెఫరీ చేతి వాచీకి సిగ్నల్ పంపుతాయి. రెఫరీ దాన్ని చూసే గోల్ ఇచ్చింది.

పిల్లలకి నోటితో చెప్పకండి, చేసి చూపించండి. సుద్దతో నేల మీద వెడల్పుగా ఒక గీత గీయండి. గోల్ గీత 12 సెంటీమీటర్ల వరకు ఉండొచ్చు. బంతిని గీతకు కాస్త అవతల, నేలకు తగిలే చోటు గీత దాటేలా పెట్టండి. పక్కనుంచి చూస్తే దాటేసినట్టే ఉంటుంది. ఇప్పుడు నిలబడి నిట్టనిలువుగా పైనుంచి చూడమనండి. బంతి పొట్ట ఇంకా గీత మీదికి వచ్చి ఉంటుంది. అది గోల్ కాదు. పెద్దవాళ్ల బంతి అడ్డంగా 22 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే నేలకు తగిలే చోటు గీత అంచుకు 11 సెంటీమీటర్లు అవతలికి పోతే తప్ప గోల్ కాదు. మా పిల్లలందరికీ మొదటిరోజు నేర్పేది ఇదే.

ఇక చార్ట్‌లో ఎలా రాయాలి: స్వీడన్ 0-0 అమెరికా, పక్కన "షూటౌట్ 5-4" అని రాయండి. మ్యాచ్ రికార్డుల్లో డ్రాగానే ఉంటుంది. షూటౌట్ ఎవరు ముందుకు వెళ్లాలో తేల్చడానికి మాత్రమే. అందులో కొట్టిన గోల్స్ ప్లేయర్ల గోల్స్ లెక్కలోకి రావు. ఆ రోజు నేహర్ స్వయంగా పెనాల్టీ వేసి గోల్ కొట్టింది, అది కూడా ఆమె ఖాతాలో పడదు.

పన్నెండో నంబర్:
గ్లవ్స్ గారూ, చాలా చాలా థ్యాంక్స్. 11 సెంటీమీటర్ల లెక్క నాకే తెలియదు. మావయ్యగారి సందేహం గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇంకొకటి మర్చిపోయాను. ఇంగ్లండ్‌లో లారెన్ జేమ్స్ అంటే మా పాపకు ప్రాణం. నైజీరియా మ్యాచ్ తర్వాత ఆ అమ్మాయి కనబడలేదు. మొత్తం టోర్నీకే తీసేశారా?

మిడ్‌ఫీల్డ్:
మీ మావయ్యగారు చెప్పింది ఒకప్పుడు నిజమే మేడమ్, ఆయన్ని తప్పు పట్టకండి. దాన్ని గోల్డెన్ గోల్ అనేవాళ్లు. 2003 వరల్డ్ కప్ ఫైనల్లో జర్మనీ, స్వీడన్ 1-1తో ఉండగా 98వ నిమిషంలో నియా క్యుంజర్ హెడర్ కొట్టింది. అక్కడితో మ్యాచ్ అయిపోయింది, జర్మనీకి కప్పు వచ్చింది. ఆ తర్వాతి ఏడాదే ఆ రూల్ తీసేశారు.

ఇప్పుడు ఎక్స్‌ట్రా టైమ్ అంటే 15 నిమిషాలు రెండుసార్లు, గోల్ పడినా పడకపోయినా పూర్తిగా ఆడాల్సిందే. స్పెయిన్, నెదర్లాండ్స్ మ్యాచ్ మళ్లీ ఒకసారి వేసి చూపించండి. నెదర్లాండ్స్ డిఫెండర్ స్టెఫనీ వాన్ డెర్ గ్రాక్ట్ చేతికి బంతి తగిలి పెనాల్టీ ఇచ్చింది, 81వ నిమిషంలో స్పెయిన్ గోల్ కొట్టింది. అంతా అయిపోయిందనుకుంటే ఆ వాన్ డెర్ గ్రాక్టే ముందుకు పరుగెత్తి ఇంజ్యూరీ టైమ్‌లో గోల్ కొట్టి 1-1 చేసింది. డిఫెండర్‌గా ఆడే పిల్లలు ఉంటే ఇది తప్పక చూడాలి. 111వ నిమిషంలో సల్మా పరాల్యుఎలో స్పెయిన్‌ని గెలిపించింది. గోల్డెన్ గోల్ ఉండి ఉంటే అప్పుడే ముగిసేది. నెదర్లాండ్స్‌కి ఇంకా తొమ్మిది నిమిషాల ఆశ మిగిలింది.

లారెన్ జేమ్స్ గురించి: నైజీరియా ప్లేయర్ మిషెల్ అలోజీ కింద పడి ఉండగా ఆమె మీద కాలు వేసింది. మొదట ఎల్లో కార్డు (హెచ్చరిక) చూపించారు, వీడియో చూశాక 87వ నిమిషంలో దాన్ని రెడ్ చేసి బయటికి పంపారు. రెడ్ కార్డుకు కనీసం తర్వాతి మ్యాచ్ ఒకటి పోతుంది. తప్పు తీవ్రతను బట్టి పెంచుతారు. ఆమెకు రెండు మ్యాచ్‌లు పడింది, అంటే క్వార్టర్స్, సెమీస్. ఫైనల్లో రెండో సగం మొదట్లో వచ్చింది, పాపని బెంగ పెట్టుకోవద్దని చెప్పండి.

ఎల్లో కార్డులు కూడా చార్ట్‌లో రాసుకోండి. వేర్వేరు మ్యాచ్‌ల్లో రెండు వస్తే తర్వాతి మ్యాచ్ ఆడనివ్వరు. గ్రూప్ దశ అయ్యాక అన్నీ చెరిపేస్తారు.

కార్నర్ ఫ్లాగ్:
మిడ్‌ఫీల్డ్ గారూ, చివరి మాటకు చిన్న సవరణ. 2023లో చెరిపేసింది గ్రూప్ దశ తర్వాత కాదు, క్వార్టర్ ఫైనల్స్ తర్వాత. ఒక్క ఎల్లోతో సెమీస్‌కి వచ్చిన ప్లేయర్ ఇంకో ఎల్లో పడి ఫైనల్ పోగొట్టుకోకూడదని అలా పెట్టారు.

మిడ్‌ఫీల్డ్:
అవును, మీరన్నదే కరెక్ట్. నేను పొరబడ్డాను. మేడమ్, క్వార్టర్స్ తర్వాత అని రాసుకోండి.

గ్లవ్స్:
కార్డుల మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ఇంగ్లండ్, నైజీరియా కూడా 0-0, షూటౌట్‌లో ఇంగ్లండ్ 4-2. జేమ్స్ వెళ్లిపోయాక ఇంగ్లండ్‌కి పదిమందే మిగిలారు. అలాంటప్పుడు షూటౌట్‌కి నైజీరియా కూడా ఒకరిని పక్కన పెట్టి పదిమందికి తగ్గాలి. లేకపోతే అందరి వంతూ వచ్చేసరికి ఒక జట్టులో బాగా కొట్టేవాళ్లకు ముందుగా రెండో అవకాశం దొరుకుతుంది. ఇంకో విషయం, 120 నిమిషాల్లో వచ్చిన ఎల్లో షూటౌట్‌కి మోసుకురారు. అక్కడ లెక్క కొత్తగా మొదలవుతుంది.

షూటౌట్‌లో పెనాల్టీ వేయాలంటే ఎక్స్‌ట్రా టైమ్ ముగిసేసరికి మైదానంలో ఉండాలి. అందుకే చివరి నిమిషంలో గబగబా మార్పులు చేస్తుంటారు. మీరు తర్వాత చూడబోయే ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ ఏకంగా కీపర్‌నే మార్చేసింది, షూటౌట్ కోసమని సొలెన్ డ్యురాన్‌ని దించారు. బయట అంతసేపు కూర్చుని, ఒళ్లు చల్లబడి, వచ్చీరాగానే గోల్‌లో నిలబడటం ఎంత కష్టమో కీపర్లకి తెలుస్తుంది.

ఫలితం పిల్లలకి ముందే చెప్పకండి, దయచేసి. మీకు మాత్రం చెప్తాను. 0-0, షూటౌట్ 7-6, ఆస్ట్రేలియా. మొత్తం 20 పెనాల్టీలు, వరల్డ్ కప్ చరిత్రలో అంత పొడుగు షూటౌట్ అంతకుముందు లేదు. ఆస్ట్రేలియా కీపర్ మెకెంజీ ఆర్నాల్డ్ ఐదో పెనాల్టీ తనే వేసింది. అది గోలైతే గెలుపే, పోస్టుకి తగిలింది. తల వంచుకుని మళ్లీ గోల్‌లోకి వెళ్లి నిలబడింది. తర్వాత ఫ్రాన్స్ ప్లేయర్ కెంజా డాలీ కొట్టినదాన్ని ఆపింది. కానీ ముందుగానే గీత వదిలి కదిలిందని రెఫరీ మళ్లీ వేయించింది. ఆర్నాల్డ్ రెండోసారీ ఆపింది! చివరికి కోర్ట్‌నీ వైన్ కొట్టిన గోల్‌తో గెలిచారు.

ఆ రూల్ మీ పాప జట్టు కీపర్‌కి నేర్పండి. బంతిని తన్నే క్షణానికి కీపర్ ఒక పాదమైనా గీత మీద గానీ, గీతకు సూటిగా పైన గానీ, వెనకాల గానీ ఉండాలి. రెండో పాదం ముందుకు వేయొచ్చు. నేను వెనక పాదం కింద చిన్న టేపు ముక్క అంటించి ప్రాక్టీస్ చేయిస్తాను. తన్నిన శబ్దం వినబడేదాకా ఆ టేపు మీదనుంచి పాదం లేవకూడదు. రెండు వారాల్లో అలవాటైపోతుంది.

మిడ్‌ఫీల్డ్:
పెనాల్టీ వేసేవాళ్లకీ ఒకటి ఉంది. 2025 యూరో (యూరప్ దేశాల టోర్నీ) ఫైనల్లో ఇంగ్లండ్ బెత్ మీడ్ జారిపడి బంతిని రెండు కాళ్లతో తాకేసింది. బంతి లోపలికి వెళ్లింది, కానీ మళ్లీ వేయించారు. రెండోది స్పెయిన్ కీపర్ కాటా కోల్ ఆపేసింది. తెలియకుండా రెండుసార్లు తగిలి గోలైతే మళ్లీ వేయాలన్నది ఆ ఏడాది జూన్‌లోనే తేల్చిచెప్పారు. ఆ షూటౌట్ మాత్రం ఇంగ్లండే 3-1తో గెలిచింది. నిలబడే కాలు గట్టిగా ఊనాలని పిల్లలకి చెప్పండి, తడి గడ్డి మీద మరీను.

పన్నెండో నంబర్:
మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. ఇవాళ సాయంత్రం సుద్దగీత గీసి బంతి పెట్టాం. పక్కనుంచి చూసి అందరూ "గోల్" అన్నారు, పైనుంచి చూసి నోళ్లు తెరిచారు. "అన్యాయం" అని అందరికంటే గట్టిగా అరిచిన పిల్ల తనే వెళ్లి చార్ట్‌లో స్వీడన్ పేరు దిద్దింది. మావయ్యగారికి 2003 ఫైనల్ సంగతి చెప్తే ముఖం వెలిగిపోయింది.

చివరిగా ఒకటి. 2027కి కూడా ఇదే చార్ట్ పనికొస్తుందా?

కార్నర్ ఫ్లాగ్:
ఆకారం పనికొస్తుంది మేడమ్. 2027లో బ్రెజిల్‌లో జరిగేదీ 32 జట్లతోనే, జూన్ 24 నుంచి జులై 25 వరకు. ఏ గ్రూప్‌కి ఏది జతో మాత్రం షెడ్యూల్ చూసి నింపండి, 2023 జతలే అనుకోవద్దు. 2031 నుంచి 48 జట్లు, అప్పుడు కొత్త కాగితం కావాలి.

పన్నెండో నంబర్:
అర్థమైంది. ఈ శనివారం ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ మ్యాచ్ వేస్తున్నాను. పిల్లలకి తెలియకుండా షూటౌట్ కోసం ఇరవై గడుల పట్టీ గీసి మడిచి దాచాను. ఎవరికీ చెప్పను, ఒట్టు.

గ్లవ్స్:
ఇరవై సరిపోతాయి మేడమ్. డాలీ గడి మాత్రం కాస్త వెడల్పుగా గీయండి, అందులో రెండుసార్లు రాయాలి.