హక్ ఫిన్ రాసిన ‘సివిలైజ్’ని తెలుగులోకి తేవడం ఎలా?

మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ (అమెరికాలో అచ్చయింది 1885లో) నుంచి కొన్ని పేజీలు పిల్లల కోసం తెలుగు చేస్తున్నాను. మొదటి పేజీలోనే ఆగిపోయాను. డగ్లస్ అమ్మగారు తనను పెంచుకుని ‘సివిలైజ్’ చేస్తానందని, కథంతా తన మాటల్లో చెప్పే పిల్లాడు హక్ అంటాడు. ఇంగ్లీషులో ఆ మాట సితో మొదలవ్వాలి, వీడు ఎస్‌తో రాశాడు. పైకి చదివితే తేడా వినబడదు. సభ్యత నేర్పాల్సిన పిల్లాడికి ఆ మాట రాయడమే రాదు, నవ్వంతా అక్కడే ఉంది. ‘నాగరికుణ్ణి చేస్తానంది’ అంటే అర్థం వస్తుంది, నవ్వు పోతుంది. పలికినట్టే రాసే తెలుగులో కంటికి మాత్రమే కనబడే తప్పు దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుందండీ. ఒత్తక్షరాలు చూడండి. ‘సభ్యత’ అని రాస్తాం గానీ చాలామంది నోట వచ్చేది ‘సబ్యత’. మూడో తరగతి డిక్టేషన్‌లో నేను ‘బాధ’ని ‘బాద’ అని రాస్తే టీచరుగారు ఎర్ర సిరాతో చుట్టేవారు. ‘నాకు సబ్యత నేర్పుతానంది’ అనండి. చెవికి దాదాపు అదే మాట, కంటికి తప్పు.

ఇంకోటి. ఆ వాక్యంలోనే ‘అలవ్’ అనే క్రియ ఉంది, జాగ్రత్త. అక్కడ దానికి అనుమతించడమని అర్థం కాదు, ‘అంది’ అనే. హక్ యాసలో అది మామూలు వాడుక.

మొదటి పోస్టు పెట్టినవారు: చాలా థాంక్సండీ, ‘అలవ్’ దగ్గర నేను తప్పే రాశాను! అదే అధ్యాయంలో నాకు ప్రాణమైన చోటు ఇంకొకటుంది. భోజనం ముందు డగ్లస్ అమ్మగారు తల వంచి ప్రార్థన చేస్తుంది. అది ప్రార్థనని హక్‌కి తెలియదు, తిండి బాగాలేదని గొణుగుతోంది అనుకుంటాడు. వంటలో లోపమేమీ లేదు, దేనికది విడిగా వండారు, అంతే అంటాడు. అన్నీ ఒకదాంట్లో కలిసి రసాలు ఇటూ అటూ పాకితేనే వాడికి రుచి. ‘గొణుగుడు’ కంటే ‘సణుగుడు’ బాగుంటుందనిపిస్తోంది, అందులో ఫిర్యాదు కూడా వినబడుతుంది.

జవాబు: సణుగుడే. ఇక పుస్తకం ఆఖర్న శాలీ అత్త అనే ఆవిడ కూడా హక్‌ని దత్తత తీసుకుని సివిలైజ్ చేస్తానంటుంది చూడండి, అక్కడా ఎస్సే. ఇన్ని సాహసాలు చేసొచ్చినా స్పెల్లింగు మారలేదు. రెండు చోట్లా ఒకే తప్పు ఉండాలి, లేకపోతే అచ్చుతప్పనుకుంటారు.

మొదటి పోస్టు పెట్టినవారు: రెండు చోట్లా ‘సబ్యత’ అనే ఉంచుతున్నాను. ప్రూఫు చూసేవారికి మార్జిన్‌లో ‘దిద్దవద్దు’ అని రాసి పంపుతాను.