ధర ‘ఎగబాకిందా’, ‘దూసుకెళ్లిందా’, ‘ఉరికిందా’?

ప్రశ్న, చిక్కడపల్లి నుంచి:
‘బంగారం ధర ఒక్కరోజులో ఎగబాకింది’ అనే వాక్యాన్ని ఒకరు ‘దూసుకెళ్లింది’ అని, ఇంకొకరు ‘ఉరికింది’ అని దిద్దారు. మూడింటి భావమూ వేగంగా పెరగడమే కదా, ఏది రాసినా ఒకటేనా? అలాగే గబగబా, గబుక్కున అనే మాటల తేడాను పిల్లలకు ఎలా చెప్పాలి? తెలిసినవారు కాస్త వివరంగా రాయండి.

నల్లకుంట:
ఒకటి కాదండీ. మన వేగపు మాటలు వేగాన్ని మాత్రమే చెప్పి ఊరుకోవు. కదిలేది ఎలా కదులుతోంది, ఏ దిక్కుకు, ఎదురేమైనా ఉందా అన్నది కూడా చెబుతాయి. ధరకు కాళ్లు లేకపోయినా ఆ వివరం మాటను అంటిపెట్టుకునే ఉంటుంది.

‘ఎగబాకు’లో ఉన్నది పాకడం. బల్లి గోడ మీద, తీగ పందిరి మీద పట్టు దొరకబుచ్చుకుంటూ పైకి పోయినట్టు. అందుకే ‘పదో స్థానం నుంచి నాలుగో స్థానానికి ఎగబాకింది’ అంటే ఎంతో బాగుంటుంది, మధ్యలో మెట్లున్నాయి కనుక. దాని పక్కన ‘ఒక్కరోజులో’ పెడితే రెండు మాటలూ చెరో వైపు లాగుతాయి. మీ వాక్యంలో అసలు లోపం ఇదే.

‘దూసుకెళ్లు’ అలా కాదు. దూయడమంటే ఒరలోంచి కత్తి లాగినట్టు, ఇరుకులోంచి ఒరుసుకుంటూ బయటికి తీయడం. తూటా చెవి పక్కనుంచి దూసుకెళుతుంది, ద్విచక్రవాహనం రెండు బస్సుల మధ్యనుంచి దూసుకెళుతుంది. దాటడానికో అంచు, తాకబోయే వస్తువో ఉంటేనే ఈ మాటకు బలం. ‘ధర లక్ష దాటి దూసుకెళ్లింది’ అన్నప్పుడు ఆ లక్షే అంచు.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది గమనించరు. వాచ్యార్థంలో దూసుకెళ్లడానికి దిక్కుతో పనిలేదు, బస్సు లోయలోకీ దూసుకెళుతుంది. ధరల విషయంలో మాత్రం పైకే. కిందికి వచ్చే ధర దూసుకెళ్లదు. దిగొస్తుంది, పడిపోతుంది, కుప్పకూలుతుంది. ఈ మూడూ కూడా ఒకటి కాదు. టమాటా ధర ‘దిగొచ్చింది’ అంటే కొనేవాడి వైపు నిలబడి చెప్పినట్టు, ‘పడిపోయింది’ అంటే పండించినవాడి వైపు నుంచి. శీర్షిక పెట్టేవారు ఏ మాట ఎంచుకుంటే ఆ పక్షం తీసుకున్నట్టే, కాబట్టి చూసి ఎంచుకోవాలి.

ఉప్పల్:
‘ఉరుకు’ సంగతి నేను చెబుతాను. తెలంగాణల ఉరుకుడంటే పరుగే. ‘బస్సు పోతున్నది, ఉరుకు’ అంటరు. ఎగిరి దూకేటందుకు మనకు ‘దుంకు’ అని వేరే మాట ఉన్నది. కోస్తాల చాలా చోట్ల ఉరకడమంటే దూకడమే. ఒకే వాక్యం రెండు దిక్కుల ఎట్ల మారుతదో చూడుండ్రి: ‘మెట్ల మీదికెళ్లి ఉరికిండు’. ‘మీదికెళ్లి’ అంటే ఇక్కడ ‘మీది నుంచి’. అంటే మెట్లు దిగుకుంట పరుగెత్తిండని. అదే వాక్యం బెజవాడ మనిషి వింటే, మెట్లెక్కిపోయి అక్కడినుంచి దూకేశాడనుకుంటాడు. ఎక్కుడు దిగుడు, పరుగు దూకుడు, అన్నీ తారుమారు. సాక్షి చెప్పింది రాసుకునేటోళ్లు, దవాఖానల దెబ్బ ఎట్ల తగిలిందో రాసుకునేటోళ్లు ఈ మాట దగ్గర ఆగి, ‘మెట్టు మెట్టు మీద కాలు పెట్టిండా, ఒక్కసారి దుంకిండా’ అని అడగాలె.

‘ఉరికిచ్చి కొట్టిండు’ అంటే వెంటపడి తరిమి కొట్టిండని. ‘ఉత్సాహం ఉరకలేసింది’ అన్నప్పుడు మాత్రం ఎగసిపడే అర్థమే, అది పుస్తక భాషల అందరికీ ఒక్కటే. ‘ఉరుకులు పరుగులు’ జంట కూడ అంతటా నడుస్తది.

కాబట్టి అడిగినవారికి: ‘పది రోజుల సంది ధర ఉరుకుతున్నది’ అంటే మా చెవికి సొంపుగ ఉంటది. ఒక్కరోజు పెరుగుదలకు, రెండు రాష్ట్రాలల్ల చదివే పత్రికకు ‘ఒక్కసారిగా ఎగిసింది’ అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు.

తార్నాక:
గబగబా, గబుక్కున తేడాకు తరగతిలో పనికొచ్చే పరీక్ష ఒకటుంది. క్రియను ‘తింటున్నాడు’ అని జరుగుతున్న పనిగా మార్చండి. ‘గబగబా తింటున్నాడు’ నిలుస్తుంది, ‘గబుక్కున తింటున్నాడు’ నిలవదు. ఇప్పుడు క్షణంలో ముగిసే పని తీసుకోండి. ‘గబుక్కున లేచాడు’ బాగుంది, ‘గబగబా లేచాడు’ ఎబ్బెట్టుగా ఉంది. జంటగా వచ్చేవి సాగే పనికి, ‘-న’తో ముగిసేవి ఒక్క ఊపులో అయ్యే పనికి. మంట ‘భగ్గున’ అంటుకుంటుంది, ఆ తరవాత ‘భగభగా’ మండుతుంది.

పిల్లలు వెంటనే అడుగుతారు: మరి ‘బండ్లు రయ్యిన పోతున్నాయి’, ‘పిట్టలు రివ్వున ఎగురుతున్నాయి’ ఎలా కుదిరాయని. మాట మధ్యలోని జంట హల్లు చూడమనండి. క్క, గ్గ, ప్ప, బ్బ పలికితే గాలి అక్కడే మూసుకుపోతుంది. టక్కున, దిగ్గున, చప్పున, దబ్బున, వీటిలో పనీ అక్కడే ముగుస్తుంది. య్య, వ్వ, ర్ర ఊపిరి ఉన్నంతసేపూ సాగదీయవచ్చు, కాబట్టి పని కూడా సాగవచ్చు. సాగి తీరాలని కాదు. ‘చివ్వున తలెత్తాడు’, ‘సర్రున కోపం వచ్చింది’ క్షణికమే. మొదటి గుంపులోవి మాత్రం సాధారణంగా సాగవు.

మనిషి మనసు కూడా వీటిలో ఉంటుంది. ‘గబగబా వెళ్లిపోయింది’ అంటే ఏదో పని తొందర. ‘చరచరా వెళ్లిపోయింది’ అంటే కోపమో పట్టుదలో ఉంది, వెనక్కి చూడదు. చకచకా అనేది చేతులకూ పనులకూ నప్పుతుంది, ‘వంతెన పనులు చకచకా సాగుతున్నాయి’ అన్నట్టు. బిరబిరా నీళ్లకు. కథ రాసేవారు చరచరా దగ్గర గబగబా వేస్తే పాత్ర స్వభావమే మారిపోతుంది.

ఇంకొకటి. ఈ మాటలు వ్యతిరేకార్థంలో ఇమడవు. ‘గబగబా తినకు’ అని వారించవచ్చు గానీ, ‘అతడు గబగబా తినలేదు’ అంటే చెవికి వెలితిగా ఉంటుంది.

కూకట్‌పల్లి:
ప్రకటనలు రాసేవారి కోసం ఒక మాట. ‘తొందరగా రండి’లో తప్పేమీ లేదు. అదే క్రియగా మారి ‘తొందరపడు’ అయితే, ఆలోచించకుండా చేశాడన్న నింద చేరుతుంది. ‘సంబంధం విషయంలో తొందరపడ్డారు’ అంటాం. ‘త్వరపడు’లో ఆ నింద లేదు. అందుకే ‘త్వరపడండి, మూడు రోజులే’ అని రాయాలి. ‘తొందరపడండి’ అని రాస్తే కొనేవాణ్ని తప్పు చేయమని పిలిచినట్టుంటుంది. కన్నడంలో తొందరె అంటే ఇబ్బంది, తమిళంలో తొందరవు అంటే ఉపద్రవం. మన తొందరపాటులోనూ ఆ చేదు ఎంతో కొంత ఉంది. నిందలేని మాటలు ఊరూరా వేరు, ఇక్కడ జల్ది, ఉత్తరాంధ్రలో బేగి.

భౌతికశాస్త్రం తెలుగులో చెప్పేవారికి మరో జాగ్రత్త. పాఠ్యపుస్తకాల్లో దిక్కుతో సంబంధం లేనిది ‘వడి’, దిక్కుతో కూడినది ‘వేగం’, వేగంలో మార్పు రేటు ‘త్వరణం’. వాడుకలో మాత్రం ‘అతి వేగం ప్రమాదకరం’ అని బోర్డు రాస్తాం, అక్కడ ఉద్దేశం వడే. పిల్లలకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చూపించి చెప్పవచ్చు. చుట్టూ 158 కిలోమీటర్లు 2 గంటల్లో తిరిగి బయలుదేరిన చోటికే వస్తే సగటు వడి గంటకు 79 కిలోమీటర్లు. బయలుదేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య దూరం లేదు కనుక సగటు వేగం సున్నా. ఈ లెక్క ఒక్కసారి చేస్తే రెండు మాటలూ మళ్లీ కలిసిపోవు.

మలక్‌పేట:
‘పరుగులు’ పక్కన క్రియను కూడా చూసుకోవాలి. పరుగులు చేశాడు అంటే క్రికెట్ లెక్క. పరుగులు పెట్టాడు అంటే హడావుడిగా అటూ ఇటూ తిరిగాడు. ‘పరుగులు తీశాడు’ రెంటికీ వస్తుంది, కాబట్టి సందర్భం లేకుండా వాడకూడదు. పారిపోవడంలోనూ అంతే. ‘కాలికి బుద్ధి చెప్పాడు’ అనాలంటే వెనక ఆపద ఉండాలి. ‘ఉడాయించాడు’ అంటే డబ్బో అప్పో మిగిల్చి పోయాడు. ‘జారుకున్నాడు’లో వేగమే లేదు, ఎవరూ చూడకపోవడం ఉంది.

నల్లకుంట:
తార్నాక వారి చివరి మాట చదివాక ఒక పద్యం గుర్తొచ్చింది. వేగపు మాటలకు వ్యతిరేకార్థం ఇమడదన్నారు. పోతన గజేంద్రమోక్షంలో వేగాన్ని మొత్తం వ్యతిరేక క్రియలతోనే కట్టాడు. ‘సిరికిం జెప్పఁడు’ అనే మత్తేభంలో త్వర, వేగం, వడి, పరుగు, ఏదీ లేదు. ఏనుగును కాపాడబోతున్న విష్ణువు లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ని సిద్ధం చేయడు, చెవుల మీద పడుతున్న జుట్టు సర్దుకోడు, చేతిలోని ఆమె కొంగు కూడా వదలడు. ఆరు చేయనివి చెబితే విష్ణువు ఎంత ఆత్రంగా కదిలాడో కనిపిస్తుంది.

ఇంటి మాటల్లోనూ ఇదే పద్ధతి ఉంది. ‘హుటాహుటిన వచ్చాడు’ అన్నది వార్తాపత్రిక వాక్యం. ‘చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చాడు’ అంటే, కబురు వినేసరికి అతడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడని కూడా తెలుస్తుంది.