12 చదరపు మీటర్ల గదిలో గంజాయి మొక్క: నిజంగా పొట్టిగా ఉండే హైబ్రిడ్ ఏది?

లైప్‌జిగ్_కుర్రాడు:
అందరికీ నమస్తే. జర్మనీలో ఉన్నవాళ్లను అడుగుతున్నా. వచ్చి మూడేళ్లయింది, ఉద్యోగం ఉంది, డబ్ల్యూజీలో (నలుగురు కలిసి అద్దెకుండే ఫ్లాట్‌లో) ఒక గది. బీరువా పక్కన 60×60 సెంటీమీటర్ల జాగా ఉంది, లోపల మొక్కలు పెంచే టెంటు, 160 ఎత్తుది, పడుతుంది. చట్టబద్ధమేగా, ఒక్క మొక్క పెంచి చూద్దామని కోరిక. విత్తనాల కేటలాగు తెరిస్తే ప్రతి బొమ్మ కిందా "కాంపాక్ట్ హైబ్రిడ్" అనే రాసుంది. మా ఫ్రెండు అలాంటిదే పెట్టాడు. పూతకొచ్చే సరికి లైటుకు తగిలి కొనలన్నీ మాడిపోయాయి. ఏ రకం తీసుకోమంటారు?

గోదారోడు_బెర్లిన్:
తమ్ముడూ, ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుంది. రకం పేరు తర్వాత, ముందు టేపు తీసుకో. 160లో కుండీ 25 పోతుంది. లైటు, దాన్ని వేలాడదీసే తాళ్లు కలిపి 15. లైటుకూ కొనకూ మధ్య కనీసం 35 వదలాలి. మిగిలింది 85. మొక్క అంతకు మించకూడదు. వాసన పట్టే బొగ్గు ఫిల్టరు కూడా లోపలే పైన వేలాడదీస్తే ఇంకా తగ్గుతుంది.

మీ ఫ్రెండు ఎక్కడ దెబ్బతిన్నాడో చెప్తా. మామూలు రకాలకు రోజుకు 18 గంటలు వెలుగిస్తే ఆకు మీదే ఉంటాయి. 12 గంటల వెలుగు, 12 గంటల చీకటికి మార్చాకే పూతకొస్తాయి. మార్చిన మొదటి రెండు మూడు వారాల్లో మొక్క ఉన్నట్టుండి సాగుతుంది, చాలా రకాలు దాదాపు రెట్టింపవుతాయి. 60 సెంటీమీటర్లు పెరిగాక "ఇంకా జాగా ఉందిగా" అని మార్చి ఉంటాడు. నీ లెక్కకు 35-40 దగ్గరే మార్చెయ్యాలి.

ఇక పొట్టితనం సంగతి. హిందూకుష్ కొండల వైపు నుంచి వచ్చిన ఇండికా జాతి గుబురుగా ఉంటుంది, ఆకు వెడల్పు, కణుపుల మధ్య దూరం తక్కువ. థాయిలాండ్ లాంటి వేడి దేశాల సటైవా సన్నగా తాడిలా లేస్తుంది. రెంటినీ కలిపితే హైబ్రిడ్, కానీ పిల్లకు ఎవరి పోలిక వచ్చిందన్నదే ప్రశ్న. కేటలాగులో ఇండికా పాలు ఎక్కువని, ఇంట్లో మీటరు లోపని రెండూ రాసి ఉంటేనే చూడు. నార్తర్న్ లైట్స్ ఈ కోవలో పాత పేరు, 1980ల నుంచీ నెదర్లాండ్స్ వాళ్లు అమ్ముతున్నారు.

ఇంకో దారి ఆటోఫ్లవర్. మాది గోదావరి జిల్లా కాబట్టి వరితో చెప్తా. మా తాతల కాలపు పొడుగు వరి రకాలు కొన్ని ముందు నాటినా వెనక నాటినా పొద్దు తగ్గాకే ఈనేవి, గాలివానకి పడిపోయేవి. 1966లో ఐఆర్-8 వచ్చింది. పొట్టి, పైగా పొద్దుతో పనిలేకుండా ఇన్ని రోజులకి పంట అంటే అన్ని రోజులకి చేతికొచ్చేది. ఆటోఫ్లవర్ కూడా అంతే. రుడెరాలిస్ అనే ఉత్తరాది జాతి రక్తం ఉంటుంది, వయసు రాగానే అదే పూస్తుంది, విత్తనం నుంచి కోత దాకా చాలా వాటికి పది పన్నెండు వారాలు. చిక్కేమిటంటే చిన్నప్పుడు దెబ్బతింటే కోలుకునే వ్యవధి ఇవ్వదు. మొదటిసారి నీళ్లు ఎక్కువ పోసెయ్యడం మామూలే, కాబట్టి నీకు నేను మామూలు ఇండికా హైబ్రిడ్డే చెప్తా. మరీ పొడుగవుతోందనిపిస్తే కొన వంచి కట్టుకోవచ్చు.

హాంబర్గ్_అక్క:
రకం గోల సరే, డబ్ల్యూజీ అన్నావు కదా బాబూ. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 18 నిండి, జర్మనీలో ఆరు నెలలు నివాసం ఉన్నవాళ్లు ఒక్కొక్కరు మూడు మొక్కల దాకా పెంచుకోవచ్చు. కానీ పిల్లలకూ బయటివాళ్లకూ అందకుండా కాపాడే బాధ్యత నీదే. నీ గదికి తాళం ఉందా? మా ఇంట్లో వారం వారం ఎవరో ఒకరి పిల్లలు వచ్చి ప్రతి తలుపూ తీసి చూస్తారు.

వాసన చాలా గట్టిది. పూత చివరి నెలలో బొగ్గు ఫిల్టరు, ఎగ్జాస్ట్ ఫ్యాను లేకపోతే మెట్ల మీదికే తెలిసిపోతుంది. మా పక్క బిల్డింగులో ఒకరు ఆ గాలిని గదిలోకే వదిలారు, చలికాలం కిటికీ తియ్యలేదు. జనవరికి బీరువా వెనక గోడంతా నల్లటి బూజు. ఇంటి ఓనరు మొక్క గురించి ఒక్క మాట అనలేదు, గోడ రిపేరు బిల్లు మాత్రం పంపించాడు. పొద్దున్నే కిటికీలు బార్లా తీసి గాలి ఆడించడం మానకు. తేమ మీటరు కొనుక్కో, పూత మీద 50 శాతం దాటనివ్వకు. పొట్టి రకాల గుబురు మొగ్గల్లోపలికి గాలి వెళ్లదు, బూజు పడితే బయటికి కనపడే సరికే లోపల కుళ్లి ఉంటుంది.

లైప్‌జిగ్_కుర్రాడు:
థాంక్స్ అన్నా, అక్కా. తాళం ఉంది. కరెంటు ఎంతవుతుంది? మరీ ఎక్కువ కాస్తే మన వాళ్లకి పంచొచ్చా?

గోదారోడు_బెర్లిన్:
100 వాట్ల ఎల్‌ఈడీ 18 గంటలకి 1.8 యూనిట్లు, నెలకి 54. యూనిట్ 35 సెంట్లు వేసుకుంటే దాదాపు 19 యూరోలు. పూతలో 12 గంటలే కాబట్టి 13 లోపు. ఫ్యాను వేరే.

పంచడం మాత్రం వద్దు. సొంతంగా పండించింది సొంతానికే, ఉచితంగా కూడా ఇవ్వకూడదు. ఎండినది ఇంట్లో 50 గ్రాముల దాకా, బయట దగ్గర 25 దాకానే ఉండొచ్చు. మూడు మొక్కలు బాగా కాస్తే 50 దాటడం పెద్ద కష్టమేం కాదు. నువ్వు ఒకటే అన్నావు, అదే మంచిది.

నల్గొండ_పిల్ల:
రెండు మాటలు. కారు నడిపేవాళ్లకు రక్తం సీరంలో మిల్లీలీటరుకు 3.5 నానోగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) పరిమితి. 21 ఏళ్ల లోపువాళ్లకు, లైసెన్సు ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు పూర్తి నిషేధం. రోజూ తాగేవాళ్లలో ఆనవాళ్లు రోజుల తరబడి ఉంటాయి.

రెండోది, సెలవులకి ఇంటికెళ్లేటప్పుడు బ్యాగు జేబులన్నీ దులుపుకోండి. అక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం. పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. ఆంధ్రా మన్యంలో శీలావతి గంజాయి తోటలు పోలీసులు నరికేస్తున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. "జర్మనీలో లీగల్ సార్" అంటే శంషాబాద్‌లో ఎవరూ వినరు.

లైప్‌జిగ్_కుర్రాడు:
ఇప్పుడే కొలిచా. ఫిల్టరు లోపల పెడితే 60 మాత్రమే మిగులుతోంది. బయట పెట్టి పైపు లాగితే 85. బయటే పెడతా, ఒకటే మొక్క, 35 దగ్గర మార్చేస్తా. ఆదివారం కిచెన్‌లో ముగ్గురు రూమ్మేట్లతో మాట్లాడాలి. అందులో ఒకమ్మాయికి నా ఇంగువ పోపుకే తలనొప్పి వస్తుంది. ఆమె వద్దంటే ఆ జాగాలో కరివేపాకు పెట్టుకుంటా.