పక్కింటాయన వల్ల ఇల్లు అమ్ముడుపోవట్లేదు, రేటు తగ్గించాలా?

రాయగడ కుర్రాడు: నాన్నగారు కట్టించిన ఇల్లు అమ్మేసి వైజాగ్ వెళ్ళిపోదామనుకుంటున్నాం, కానీ ఎవరొచ్చినా పక్కింటాయన గేటు దగ్గరే పట్టుకుని వీధిపోటు ఉందండి, పెద్దాయన ఈ ఇంట్లోనే పోయారండి అని చెప్తున్నాడు, వాళ్ళేమో టీ కూడా తాగకుండా వెళ్ళిపోతున్నారు. ఒకాయనైతే గదులు చూడకముందే మీరేవుట్లు అని కులం అడిగాడు.

బరంపురం బాబాయ్: తగ్గించకు తమ్ముడూ. అలా చెప్పేవాడికి ఆ స్థలం మీదే కన్నుంటుంది చాలాసార్లు. మీరే కొంటారా అని ఆయన్నే అడిగి చూడు. కులం అడిగినోడి సంగతి వదిలెయ్, అలాంటోడు కొన్నాక కూడా పేచీలే.

గుణుపురం అక్క: వీధిపోటు ఎటు నుంచి? ఈశాన్యం పోటైతే మంచిదే అంటారు కదా, వాస్తు నమ్మేవాళ్ళకి అదే చెప్పండి.

కొరాపుట్ అన్న: అసలు భయం అది కాదేమో. మన ఒడిశాలో రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసీల కోసం ప్రత్యేక రక్షణలున్న ప్రాంతం, 1956 నాటి 2వ రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీల భూమి బయటోళ్ళకి రాయడం కుదరదు. అందుకే బయట్నుంచి వచ్చినోళ్ళు జంకుతారు. భూలేఖ్‌లో, అదే ఒడిశా భూరికార్డుల సైటులో, పట్టా తీసి, పాత లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం) కలిపి ఫైలు చేతిలో పెట్టు, వీలైతే పక్కాయన ఆఫీసుకెళ్ళే టైములో చూపించు.

రాయగడ కుర్రాడు: అడిగా బాబాయ్. సగం రేటు చెప్పాడు.